సిండరెల్లా గౌను మెటియాబ్రుజ్‌లో కుడితే

బొమ్మల సినిమాలో సిండరెల్లా గిర్రున తిరిగితే గౌను గంటలా విచ్చుకుంటుంది. ఆగగానే ఒక్క పిచ్చి ముడత కూడా లేకుండా సర్దుకుంటుంది. అలాంటి పాత యానిమేషన్ కథలను నటీనటులతో మళ్లీ తీయడం డిస్నీకి ఇప్పుడు పెద్ద వ్యాపారం. 2015లో సిండరెల్లా, 2017లో బ్యూటీ అండ్ ది బీస్ట్, 2019లో అల్లావుద్దీన్, 2023లో లిటిల్ మెర్‌మెయిడ్, 2025లో స్నో వైట్ వచ్చాయి. వీటి మీద చర్చ ఎక్కువగా నటుల గురించీ పాటల గురించీ సాగుతుంది. కానీ గీతను మనిషిగా మార్చేటప్పుడు ముందుగా మొరాయించేది బట్ట.

ఆ మొరాయింపు బాగా తెలిసిన పేట మన దేశంలో ఒకటుంది. కోల్‌కతా నైరుతి అంచున, హుగ్లీ ఒడ్డున ఉన్న మెటియాబ్రుజ్. రాజ్యం పోగొట్టుకున్న అవధ్ నవాబు వాజిద్ అలీ షా 1856లో కలకత్తా వచ్చి, ఈ ప్రాంతాన్నే చిన్న లక్నోగా మార్చుకుని, 1887లో ఇక్కడే కన్నుమూశాడు. పరీల కథలన్నా నాట్యమన్నా ఆయనకు ప్రాణం. ఆయన వెంట వచ్చిన పరివారంలో దర్జీలూ ఉన్నారని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. ఇప్పుడు ఆ సందుల్లో ఎటు చూసినా కుట్టుమిషన్లే. పని చేయించే పెద్ద దర్జీని ఓస్తాగర్ అంటారు. పిల్లల దుస్తులకు ఆ పేట పెట్టింది పేరు. పుట్టినరోజుకు పాపకు వేసే యువరాణి గౌను లాంటిది కుట్టాలంటే తేల్చుకోవలసిన చిక్కు, హాలీవుడ్ దుస్తుల విభాగానిదీ ఒకటే: కాగితం మీది గౌనును గుడ్డలోకి దించడం.

ఇందులో ఒక తమాషా ఉంది. 1950 నాటి సిండరెల్లా కూడా అసలు బట్టతోనే మొదలైంది. ఖర్చు అదుపులో ఉంచడానికి సినిమాలో చాలా భాగాన్ని ముందు నటులతో చిత్రీకరించారు. సిండరెల్లాగా హెలీన్ స్టాన్లీ నటించింది. ఆ ఫిల్మును ముందు పెట్టుకుని చిత్రకారులు గీశారు. సెకనుకు 24 ఫ్రేములు. ఒక ముడత గీస్తే దాన్ని ప్రతి బొమ్మలోనూ, కదలిక తప్పకుండా మళ్లీ గీయాలి. అందుకే ముడతలను వీలైనంత తీసేసి, నాలుగైదు గీతల్లో గౌనును నిలబెట్టారు. 2015లో కొత్త సినిమాకు దుస్తులు రూపొందించిన శాండీ పావెల్ బృందం చేసింది దీనికి తలకిందుల పని: తీసేసిన ముడతలను మళ్లీ తెచ్చి, అయినా అది పాత గౌనులాగే తేలిపోయేట్టు చూడడం.

బట్టకు లాగుడంటే పడదు, వంగడమంటే ఇష్టం. పడుగు, పేకల వెంట లాగితే గట్టిగా ఎదిరిస్తుంది, తన బరువుకే తాను వంగిపోతుంది. ఐమూలగా లాగితే మాత్రం నేతలోని చిన్న చదరాలు వాలుతాయి, బట్ట సాగుతుంది. ఈ స్వభావాలకు దాని బరువు తోడైతే ఏ కుచ్చు ఎక్కడ పడాలో తేలిపోతుంది.

దీన్ని కొలవవచ్చని 1930లో శాస్త్రవేత్త పియర్స్ చూపించాడు. గుడ్డ పేలికను బల్ల అంచు నుంచి మెల్లగా బయటికి జరపాలి. దాని కొస 41.5 డిగ్రీల వాలును తాకినప్పుడు ఎంత పొడవు వేలాడుతోందో చూడాలి. అందులో సగాన్ని ‘వంపు పొడవు’ అంటారు. మల్లు గుడ్డకు ఇది తక్కువ, గంజి పెట్టిన నూలు చీరకు ఎక్కువ. ఇంట్లో స్కేలుతో మీరూ చూడవచ్చు. తర్వాత క్యూసిక్ అనే ఆయన 18 సెంటీమీటర్ల బిళ్ల మీద 30 సెంటీమీటర్ల గుండ్రటి గుడ్డను పరిచి, కింద పడే నీడ వైశాల్యంతో జాలును కొలిచే పద్ధతిని స్థిరపరిచాడు. నీడ ఎంత చిన్నదైతే బట్ట అంత జాలుగా ఉన్నట్టు.

వంపు పొడవు వెనక ఒక లెక్క ఉంది. దాన్ని ఘనం చేస్తే వచ్చేది, వంగడానికి బట్ట చూపే బిగువును దాని బరువుతో భాగించినంత. దీని ఫలితం దర్జీకి నేరుగా తగులుతుంది. పెద్దవాళ్ల గౌనును సగం కొలతలకు కుదించి పాపకు కుడితే, ముడతలు కూడా సగానికి తగ్గి అంతే అందంగా పడాలంటే, బరువు మారకుండా బట్ట ఎనిమిది రెట్లు మెత్తన కావాలి. అదే శాటిన్ వాడితే తల్లి మీద జాలువారేది పాప మీద అట్టలా నిలబడుతుంది. బొమ్మల దుకాణంలోని బొమ్మ గౌన్లు మరీ అట్టముక్కల్లా ఉండడానికీ ఇదే కారణం.

2015 నాటి నీలం గౌనులో డజనుకు పైగా పలుచని పొరలు ఎందుకు వేశారో కూడా ఇక్కడే అర్థమవుతుంది. మూడు రెట్లు మందమైన ఒకే పలకకు, సిద్ధాంతం ప్రకారం, బిగువు 27 రెట్లు. ఒకదానిమీద ఒకటి జారే మూడు పలుచని పొరలకు బిగువు మూడు రెట్లే, బరువూ మూడు రెట్లే. అంటే వంపు పొడవు మారదు, నిండుదనం మాత్రం వస్తుంది. పిల్లల గౌనులో లోపల క్యాన్‌క్యాన్ నెట్టు వేసి ఆకారాన్ని దానికి అప్పగించడం చవకైన దారి. అది గుచ్చుకుంటోందని పాప ఏడుస్తుంది కాబట్టి దాని కింద మళ్లీ కాటన్ లైనింగ్!

ఇక కింది అంచు. నడుము 56 సెంటీమీటర్లు, పొడవు 50 సెంటీమీటర్లు ఉండేలా గుండ్రటి అంబ్రెల్లా గౌను కత్తిరిస్తే అంచు చుట్టుకొలత 370 సెంటీమీటర్లు దాటుతుంది. ఆ చుట్టూతా నేత ఒక్క తీరున ఉండదు. ఒకచోట పడుగు నిలువుగా ఉంటే, ఇంకోచోట పేక, వాటి మధ్య నాలుగు చోట్ల ఐమూల. వేలాడదీస్తే ఆ నాలుగు చోట్లా గుడ్డ సాగి అంచు కిందికి దిగుతుంది. అందుకే తెలిసిన దర్జీ గౌనును ఒక రాత్రంతా తగిలించి ఉంచి, తెల్లారాక అంచు సరిచేసి మడత కుడతాడు. ముక్కకింత అని కూలి లెక్కగట్టే చోట ఆ రాత్రికి ప్రత్యేకంగా డబ్బు ముట్టడం కష్టం. దాన్ని ఎగ్గొడితే కొద్ది రోజులకే అంచు నాలుగు మూలలా దిగుతుంది, పేరు మాత్రం గుడ్డకే చెడుతుంది.

కుట్టలేని చోట సినిమావాళ్లు కంప్యూటరును ఆశ్రయిస్తారు. లిటిల్ మెర్‌మెయిడ్‌లో నీటి అడుగు దృశ్యాల కోసం నటులను పొడి స్టూడియోలో తీగలకు వేలాడదీసి, తేలే జుట్టును చాలావరకు లెక్కగట్టి తయారుచేశారు. బట్టకూ పద్ధతి దాదాపు ఇదే. గుడ్డను వేల బిందువుల వలగా చేసి, బిందువుల మధ్య స్ప్రింగులున్నట్టు భావించి, ప్రతి క్షణానికీ బలాలను లెక్కిస్తారు. బట్ట సాగడానికి ఇష్టపడదు కనుక ఆ స్ప్రింగులు చాలా గట్టివి; లెక్కలో అడుగు కాస్త పెద్దదైతే గుడ్డ తెర మీదే పేలిపోయినట్టు చెదురుతుంది. దీన్ని అదుపులో పెట్టి పెద్ద అడుగులు వేసే మార్గాన్ని 1998లో బరాఫ్, విట్కిన్ ప్రచురించారు. నేటి బట్టల సాఫ్ట్‌వేర్లకు అది ఒక పునాది.

అయితే ఆ సాఫ్ట్‌వేరుకు కూడా ముందుగా కావలసినవి బిగువు, సాగుడు, ఐమూల జారుడు, బరువు. వాటిని యంత్రాల మీద కొలిచే పద్ధతిని జపాన్‌లో సుయెయో కవాబాతా 1970లలో రూపొందించాడు. చేతితో తడిమితే కలిగే స్పర్శను అంకెల్లోకి మార్చాలన్నది ఆయన పట్టుదల. మెటియాబ్రుజ్‌లో కత్తెర పట్టేవాడు అదే తాకు చూసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గుడ్డను రెండుసార్లు నలిపి, కుచ్చుకు ఎంత వదలాలో చెబుతాడు. ఆయన చెప్పింది అంకెలుగా ఎక్కడా రాసి ఉండదు. పక్కన కూర్చుని పని నేర్చుకుంటున్న కుర్రాడి చేతికి మాత్రమే అందుతుంది.