విమానయానం, కోవిడ్ నిబంధనలు: అపోహలు – వాస్తవాలు

విదేశాల నుంచి వచ్చే ప్రయాణికులకు కోవిడ్ కాలంలో పెట్టిన పరీక్షలు, క్వారంటైన్‌లు, ఫారాలు మన దేశంలో ముగిసి చాలాకాలమైంది. వాటి గురించిన రెండు మాటలు మాత్రం ఇంకా వినిపిస్తూనే ఉన్నాయి. ఎయిర్‌పోర్టుల్లో గట్టిగా ఉండి ఉంటే రోగం మన దాకా వచ్చేదే కాదని కొందరు అంటారు. అదంతా జనాన్ని వేధించడానికే తప్ప దేనికీ పనికిరాలేదని మరికొందరు అంటారు. రెండూ తప్పే. రేపు ఇంకేదైనా రోగం తలెత్తితే మళ్లీ ఈ మాటలే ముందుకొస్తాయి కాబట్టి, జరిగినదేమిటో తేదీలతో సహా తెలుసుకుని ఉండటం అవసరం.

అపోహ: దిగిన ప్రతి ఒక్కరికీ పరీక్ష చేస్తే వైరస్ దేశంలోకి రాదు.

ఒమిక్రాన్ కథే దీనికి జవాబు. దక్షిణాఫ్రికా ఈ కొత్త రకం గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థకు 2021 నవంబరు 24న తెలియజేసింది. ముప్పున్న దేశాల నుంచి వచ్చేవారందరికీ దిగగానే పరీక్ష చేయాలన్న మన నిబంధన డిసెంబరు 1న అమల్లోకి వచ్చింది. మరుసటి రోజే కర్ణాటకలో తొలి రెండు ఒమిక్రాన్ కేసులు బయటపడ్డాయి. ఒకరు దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన వ్యక్తి. రెండోవారు బెంగళూరులో పనిచేసే వైద్యుడు. ఆయన ఏ విదేశానికీ వెళ్లి రాలేదు, పైగా నమూనా ఇచ్చింది నవంబరులోనే. అంటే ఎయిర్‌పోర్టులో తనిఖీ మొదలయ్యేనాటికే వైరస్ ఊళ్లో తిరుగుతోంది.

ఇందులో అధికారుల అలసత్వం కంటే రోగ స్వభావమే ఎక్కువ. వైరస్ సోకిన వెంటనే పరీక్షలో కనిపించదు, ఒకటి రెండు రోజులైనా పడుతుంది. ప్రయాణానికి 72 గంటల ముందు తీసిన నెగిటివ్ రిపోర్టు ఆ రోజు సంగతి చెబుతుందే తప్ప, ఆ సాయంత్రం సోకిన రోగాన్ని పట్టుకోలేదు. జ్వరం చూసే థర్మల్ స్క్రీనింగ్ ఇంకా బలహీనం. లక్షణాలు లేనివారు, మాత్ర వేసుకుని జ్వరం దించుకున్నవారు దాన్ని సులువుగా దాటిపోతారు.

అలాగని సరిహద్దు జాగ్రత్తలు వృథా అనలేం. న్యూజిలాండ్, ఆస్ట్రేలియాలు వచ్చినవారిని 14 రోజులు హోటళ్లలో ఉంచి, జనాభాలో ఎక్కువమందికి టీకాలు పడేదాకా రోగాన్ని చాలావరకు బయటే ఆపగలిగాయి. దేశంలో వైరస్ లేనప్పుడు, లేదా చాలా తక్కువగా ఉన్నప్పుడు ఆ ప్రయోజనం ఉంటుంది. 2022 జనవరిలో మన పరిస్థితి అది కాదు. దేశంలో రోజుకు మూడు లక్షలకు పైగా కేసులు వస్తుండగా, విదేశాల నుంచి వచ్చిన ప్రతి ఒక్కరూ ఏడు రోజులు హోం క్వారంటైన్‌లో ఉండాల్సి వచ్చేది. ఇంట్లో కూర్చున్న ఆ మనిషి వల్ల కంటే వీధిలో సంత వల్లే ముప్పు ఎక్కువ. అదే నెల 19న ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర కమిటీ కూడా ప్రయాణ నిషేధాల వల్ల అదనపు మేలు లేదని, వాటిని ఎత్తేయాలని లేదా సడలించాలని దేశాలకు సూచించింది. మన ప్రభుత్వం ఫిబ్రవరి 14 నుంచి ఆ క్వారంటైన్‌ను తీసేసి, 14 రోజులు ఎవరి ఆరోగ్యాన్ని వారే గమనించుకోమంది.

అపోహ: రోగం పోయింది కాబట్టి ఒక్క ఉత్తర్వుతో అన్నీ ఎత్తేశారు.

రోగం పోలేదు, ఒక్క ఉత్తర్వూ కాదు. రెండేళ్ల విరామం తర్వాత సాధారణ అంతర్జాతీయ విమానాలు 2022 మార్చి 27న మళ్లీ మొదలయ్యాయి. విమానంలో మాస్కు తప్పనిసరి అన్న నిబంధన నవంబరు 16న పోయింది. విదేశాల నుంచి వచ్చేవారు ముందే ఆన్‌లైన్‌లో నింపాల్సిన ఎయిర్ సువిధ ఫారం అదే నెల 22న రద్దయింది. నెల తిరిగేసరికి చైనాలో కేసులు ఒక్కసారిగా పెరిగాయి. దాంతో 2023 జనవరి 1 నుంచి చైనా, హాంకాంగ్, జపాన్, దక్షిణ కొరియా, సింగపూర్, థాయిలాండ్‌ల నుంచి వచ్చేవారికి ఆర్‌టీపీసీఆర్ రిపోర్టూ, ఎయిర్ సువిధా మళ్లీ తప్పనిసరి అయ్యాయి. ఫిబ్రవరి 13న వాటిని తొలగించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర స్థితికి ముగింపు పలికింది మే 5న మాత్రమే. ఎత్తేసిన నిబంధన తిరిగి రావచ్చు, కొన్ని దేశాలకే పరిమితం కావచ్చు కూడా.

అపోహ: పాజిటివ్ వచ్చినవాడు రోగం మోసుకొస్తున్నట్టే.

గల్ఫ్ వెళ్లే మన కార్మికులు అందరికంటే ఎక్కువగా నలిగింది ఇక్కడే. ఆర్‌టీపీసీఆర్ చాలా సున్నితమైన పరీక్ష. జబ్బు తగ్గి, ఇతరులకు అంటించే దశ దాటిపోయాక కూడా మిగిలిన వైరస్ ముక్కలను చూసి కొందరికి వారాల తరబడి పాజిటివ్ చూపిస్తుంది. అప్పట్లో దుబాయ్ వెళ్లాలంటే 48 గంటల్లోపు రిపోర్టు ఒకటి ఉండాలి, విమానం బయలుదేరే ఆరు గంటల్లోపు ఎయిర్‌పోర్టులోనే రాపిడ్ పీసీఆర్ మరొకటి చేయించుకోవాలి. జగిత్యాల నుంచో, సిరిసిల్ల నుంచో అప్పు చేసి టికెట్ కొనుక్కుని శంషాబాద్ ఎయిర్‌పోర్టు చేరినవాడికి ఆ చివరి పరీక్షలో పాజిటివ్ వస్తే ఆ రోజు ప్రయాణం పోయినట్టే. టికెట్ డబ్బు, వీసా గడువు, అక్కడ ఎదురుచూస్తున్న పని అన్నీ ప్రమాదంలో పడేవి. అందులో ఎందరు నిజంగా ఇతరులకు అంటించే స్థితిలో ఉన్నారో ఆ కాగితం చెప్పలేదు. దుబాయ్ 2022 ఫిబ్రవరి 22న ఈ రాపిడ్ పరీక్షను తీసేసింది. ఈ సడలింపు విహారయాత్రికుల సౌకర్యం కోసమని అనుకునేవారు ఆ క్యూలో ఎవరు నిలబడ్డారో గుర్తుచేసుకోవాలి.

ఇదే సమయంలో మరో గందరగోళం నడిచింది. 2022 ఫిబ్రవరిలో మన ప్రభుత్వం 82 దేశాల జాబితా ఇచ్చి, అక్కడి టీకా సర్టిఫికెట్ ఉంటే ఆర్‌టీపీసీఆర్ అక్కర్లేదంది. అందులో యూఏఈ పేరు లేదు. యూఏఈలో రోగం ఎక్కువనే అలా చేశారని చాలామంది అనుకున్నారు. కానీ జాబితాకు ఆధారం కేసుల లెక్క కాదు, రెండు దేశాలు ఒకరి సర్టిఫికెట్‌ను ఒకరు గుర్తించే ఏర్పాటు.

అపోహ: నూటికి ఇద్దరిని పరీక్షిస్తే ఒరిగేదేమీ లేదు.

విదేశాల నుంచి వచ్చినవారిలో రెండు శాతం మందిని యాదృచ్ఛికంగా ఎంచి చేసిన పరీక్ష రోగులను ఆపడానికి పెట్టింది కాదు. నమూనా ఇచ్చినవారిని వెంటనే ఇంటికి పంపేసేవారు. పాజిటివ్ వచ్చిన నమూనాలను జన్యు విశ్లేషణకు పంపి, కొత్త రకం వైరస్ ఏదైనా వస్తోందా అని చూడటం దాని పని. ఆ పని చేసే ఇన్సాకాగ్ కూటమిలో హైదరాబాద్‌లోని సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ రెండూ ఉన్నాయి. అందరినీ ఆపి పరీక్షించడం కంటే ఈ నిఘా చవక, ప్రయాణికుడికి ఇబ్బంది తక్కువ. ఇలాంటిదాన్ని ముందునుంచే ప్రధానంగా వాడుకుని ఉండాల్సిందని నా అభిప్రాయం. 2023 జులై 20న దీన్నీ ఆపేశారు.

అపోహ: ఒక దేశం పరీక్ష తీసేసిందంటే టీకా షరతు కూడా పోయినట్టే.

అమెరికాకు పిల్లలను పంపిన తల్లిదండ్రులు చాలామంది ఇక్కడ పొరబడ్డారు. ప్రయాణానికి ముందు పరీక్షను అమెరికా 2022 జూన్ 12న ఎత్తేసింది. విదేశీయులకు టీకా షరతు మాత్రం 2023 మే 11 దాకా కొనసాగింది. ఈ షరతు 2021 నవంబరు 8న మొదలైంది. మన హైదరాబాద్‌లో తయారైన కోవాక్సిన్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు వచ్చింది నవంబరు 3న. ఆ ఐదు రోజుల తేడాతో కోవాక్సిన్ వేసుకున్నవారు గట్టెక్కారు. టీకా షరతు ఇంకోచోట మరింత కాలం నిలిచింది: అమెరికాలోనే ఉండి గ్రీన్‌కార్డుకు దరఖాస్తు చేసేవారి వైద్య పరీక్షలో కోవిడ్ టీకా పత్రం అడగడం 2025 జనవరి 22 నుంచి మానేశారు.

అపోహ: ఇక విమాన ప్రయాణానికి ఆరోగ్య పత్రాలేవీ అక్కర్లేదు.

కోవిడ్ కాగితాలు పోయాయి, ఎల్లో ఫీవర్ టీకా కార్డు పోలేదు. ఆఫ్రికా, దక్షిణ అమెరికాల్లో ఆ జ్వరం ఉన్న దేశాల నుంచి వచ్చేవారి దగ్గర ఈ కార్డు లేకపోతే మన దేశంలో దిగాక ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచే అధికారం ఆరోగ్య అధికారులకు ఉంది. ఇది కోవిడ్‌కు ఎంతో ముందునుంచీ ఉన్న నిబంధన. ఎల్లో ఫీవర్ దోమల ద్వారా వ్యాపిస్తుంది. అలాంటి దోమలు మన ఊళ్లలో పుష్కలంగా ఉన్నాయి, ఆ జ్వరం మాత్రం ఇంకా రాలేదు. కాబట్టి ఇక్కడ సరిహద్దు దగ్గర ఆపడంలో అర్థముంది. టీకా వేసుకున్న పది రోజులకు గానీ సర్టిఫికెట్ చెల్లదు కనుక ఆ దేశాలకు వెళ్లేవారు చివరి వారంలో పరుగెత్తితే లాభం లేదు. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో ఈ టీకా వేస్తారు. పాత కార్డు మీద పదేళ్ల గడువు రాసి ఉందని మళ్లీ వేయించుకోనక్కర్లేదు. 2016 జులై 11 నుంచి పాత, కొత్త కార్డులన్నీ జీవితకాలం చెల్లుతాయి.