తొలి మంచు ట్రెక్‌కు ప్లాన్ చేస్తున్నారా? ముందు మీ ఫోన్‌ను, వాచ్‌ను పెనుకొండ ఎక్కించండి

డిసెంబర్ దగ్గర పడితే చాలు, ఇన్‌స్టాలో మంచు రీల్స్ మొదలైపోతాయి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం కుర్రాళ్ల వాట్సాప్ గ్రూపుల్లోనూ ఒకటే మాట: "ఈసారి కేదార్‌కంఠ పోదామా?" ఉత్తరాఖండ్‌లోని ఈ శిఖరం ఎత్తు దాదాపు 12,500 అడుగులు, అంటే సుమారు 3,800 మీటర్లు. ఎక్కడానికి తాళ్లు, ఐస్ యాక్స్ లాంటివి అక్కర్లేదు కాబట్టి మొదటిసారి వెళ్లేవాళ్లు ఎక్కువగా దీన్నే ఎంచుకుంటారు. మన వైపు నుంచి కర్ణాటక ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఢిల్లీ, అక్కడి నుంచి డెహ్రాడూన్, ఆపై రోజంతా కొండ రోడ్డులో ప్రయాణిస్తే సాంక్రి అనే ఊరు వస్తుంది. ట్రెక్ మొదలయ్యేది అక్కడే.

టికెట్లు బుక్ చేసే ముందు ఒక విషయం గుర్తు పెట్టుకోండి. రివ్యూల్లో మీరు చదివే బ్యాటరీ లైఫ్ లెక్కలు మామూలు గది ఉష్ణోగ్రతలో చేసినవి. మన జిల్లాలో ఫోన్‌కు ఉన్న సమస్య వేడి, అది మనందరికీ తెలుసు. సున్నా డిగ్రీల కింద మన ఫోన్ ఎలా ప్రవర్తిస్తుందో మాత్రం ఎవరమూ చూసి ఉండం. అందుకే ఏ గ్యాడ్జెట్‌ను ఎంతవరకు నమ్మొచ్చో, దేన్ని అస్సలు నమ్మకూడదో ఇప్పుడు చూద్దాం.

చలికి బ్యాటరీ ఎందుకు పడిపోతుంది?

లిథియం అయాన్ బ్యాటరీలో అయాన్లు ఒక ఎలక్ట్రోడ్ నుంచి ఇంకోదానికి ఎలక్ట్రోలైట్ అనే ద్రవం గుండా కదులుతాయి. చలి పెరిగే కొద్దీ ఆ ద్రవం చిక్కబడుతుంది, అయాన్ల కదలిక మందగిస్తుంది, లోపలి రెసిస్టెన్స్ పెరుగుతుంది. అలాంటప్పుడు కెమెరా ఓపెన్ చేస్తే ఒక్కసారిగా ఎక్కువ కరెంట్ కావాలి. దాంతో వోల్టేజ్ ఢమాల్న పడిపోయి, 35 శాతం చూపిస్తున్న ఫోన్ కూడా స్విచాఫ్ అయిపోతుంది. ఛార్జ్ ఎక్కడికీ పోలేదు, లోపలే ఉంది. ఫోన్‌ను కాసేపు ఒంటికి ఆనించి వెచ్చబరిస్తే మళ్లీ ఆన్ అవుతుంది.

ఐఫోన్లను 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని యాపిల్ చెబుతుంది. డిసెంబర్ రాత్రి కేదార్‌కంఠ క్యాంపులో ఉష్ణోగ్రత ఈ లెక్కకు బాగా కిందే ఉంటుంది. కాబట్టి ఇవి పాటించండి:

- ఫోన్‌ను జాకెట్ బయటి జేబులో కాకుండా లోపలి పొరలో, ఛాతీ దగ్గర పెట్టుకోండి.
- రాత్రి ఫోన్, పవర్ బ్యాంక్, హెడ్‌ల్యాంప్ బ్యాటరీలు మీతో పాటే స్లీపింగ్ బ్యాగ్‌లోకి రావాలి.
- గడ్డకట్టేంత చల్లగా ఉన్న ఫోన్‌ను ఛార్జింగ్‌కు పెట్టొద్దు. సున్నా కింద ఛార్జ్ చేస్తే బ్యాటరీ లోపల లోహపు లిథియం పేరుకుపోతుంది. ఆ నష్టం శాశ్వతం. ముందు వెచ్చబరచండి, తర్వాతే కేబుల్ పెట్టండి.
- సాయంత్రం మెలకువగా ఉన్నప్పుడే ఛార్జింగ్ పూర్తి చేసుకోండి. స్లీపింగ్ బ్యాగ్‌లో ఛార్జింగ్ పెట్టి నిద్రపోవద్దు.

పవర్ బ్యాంక్ ఎంతది కావాలి?

20,000 ఎంఏహెచ్ అని డబ్బా మీద ఉన్నంత మాత్రాన అంతా మీ ఫోన్‌లోకి ఎక్కదు. ఆ అంకె లోపలి సెల్స్ 3.7 వోల్ట్‌ల దగ్గర ఇచ్చేది. అంటే 74 వాట్ అవర్. దాన్ని 5 వోల్ట్‌లకు మార్చడంలో, వేడి రూపంలో కొంత పోతుంది. మామూలు రోజుల్లోనే 5,000 ఎంఏహెచ్ ఫోన్‌ను రెండున్నర సార్లు నింపితే గొప్ప. మంచులో ఇంకా తక్కువ వేసుకోండి. సాంక్రి నుంచి బయల్దేరి మళ్లీ సాంక్రి చేరడానికి సాధారణంగా నాలుగు రోజులు పడుతుంది. జాగ్రత్తగా వాడితే ఒక మనిషికి ఒక 20,000 పవర్ బ్యాంక్ సరిపోతుంది. సోలార్ ప్యానెల్ ఉన్న మోడల్స్ జోలికి వెళ్లొద్దు. అరచేయంత ప్యానెల్‌తో నడుస్తూ నడుస్తూ ఫోన్ నింపడం అయ్యే పని కాదు.

బెంగళూరు నుంచి ఫ్లైట్‌లో వెళ్తుంటే పవర్ బ్యాంక్ హ్యాండ్ బ్యాగ్‌లోనే ఉండాలి, చెక్ ఇన్ బ్యాగ్‌లో కుదరదు. 100 వాట్ అవర్ లోపు అయితే ఇబ్బంది లేదు.

నెట్‌వర్క్ లేకున్నా జీపీఎస్ పనిచేస్తుంది

సాంక్రి దాటాక సిగ్నల్ మీద ఆశ వదిలేసుకోండి. సిగ్నల్ దొరకని చోట ఫోన్ టవర్ కోసం వెతుకుతూనే ఉంటుంది, బ్యాటరీని ఎక్కువగా తాగేది అదే. నడక మొదలవగానే ఎయిర్‌ప్లేన్ మోడ్ ఆన్ చేసేయండి. జీపీఎస్ కేవలం శాటిలైట్ సిగ్నల్ అందుకుంటుంది, ఏదీ పంపదు. అందుకే ఇప్పటి ఫోన్లలో ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో కూడా మీ లొకేషన్ కనిపిస్తుంది. అయితే మ్యాప్ మాత్రం ముందే డౌన్‌లోడ్ అయి ఉండాలి. వాతావరణ సూచన, గైడ్ నంబర్, పర్మిట్ అన్నీ స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. అక్కడ యూపీఐని నమ్ముకోవద్దు, చేతిలో నోట్లు ఉండాలి.

మ్యాప్‌లో గీత ఉంది కదా అని గైడ్‌ను వదిలి వెళ్లడం మాత్రం వద్దే వద్దు. సీజన్ మొదట్లో పడిన మంచు ఇంకా గట్టిపడి ఉండదు. కింద రాయి ఉందో గొయ్యి ఉందో తెలియదు. పగలు కరిగి రాత్రి గడ్డకట్టిన చోట గాజు మీద నడిచినట్టే ఉంటుంది. జీపీఎస్ మీరు ఎక్కడున్నారో చెబుతుంది. కాలు ఎక్కడ వేయాలో చెప్పదు.

గ్లవ్స్, టచ్, తేమ

టచ్‌స్క్రీన్ మన వేలి విద్యుత్ గుణాన్ని పసిగట్టి పనిచేస్తుంది. మందపాటి గ్లవ్స్ అడ్డమొస్తే ఏమీ జరగదు. లోపల పల్చటి టచ్ గ్లవ్స్, పైన వాటర్‌ప్రూఫ్ గ్లవ్స్ వేసుకుంటే ఫొటో కోసం చేయి పూర్తిగా బయటపెట్టాల్సిన పని ఉండదు. వాల్యూమ్ బటన్‌తో ఫొటో తీసే సెట్టింగ్ ముందే ఆన్ చేసుకోండి. మంచు ఫొటోలు బూడిద రంగులో వస్తుంటే ఎక్స్‌పోజర్ కాస్త పెంచండి. అంత తెలుపును చూసి కెమెరా వెలుతురు తగ్గించేస్తుంది.

చల్లటి ఫోన్‌ను ఒక్కసారిగా వెచ్చటి గదిలోకి తెస్తే దాని మీద నీటి చెమ్మ పడుతుంది. బయటే జిప్‌లాక్ కవర్‌లో వేసి, లోపలికి తెచ్చాక అరగంట ఆగి తీయండి.

స్మార్ట్‌వాచ్ చెప్పే ఆక్సిజన్‌ను ఎంత నమ్మాలి?

అసలు రిస్క్ ఇక్కడుంది. హిందూపురం సముద్ర మట్టానికి దాదాపు 620 మీటర్ల ఎత్తులో ఉంది. కేదార్‌కంఠ పైన ఒక్కో శ్వాసకు దొరికే ఆక్సిజన్, ఇక్కడ దొరికేదానిలో సుమారు మూడింట రెండు వంతులే. చలికి చర్మంలో రక్త ప్రసరణ తగ్గుతుంది, చేయి కదులుతుంటుంది, పట్టీ వదులవుతుంది. దాంతో వాచ్‌లోని ఎస్‌పీఓ2 సెన్సర్ తప్పు చూపే అవకాశం ఎక్కువ. వాచ్ 84 చూపిందని హడలిపోనక్కర్లేదు. 94 చూపిందని ధైర్యం తెచ్చుకోకూడదు.

చూడాల్సింది లక్షణాలు. తలనొప్పి, దానికి తోడు వికారం, తల తిరగడం, విపరీతమైన నీరసం ఉంటే అది ఎత్తు వల్ల వచ్చే జబ్బే అనుకుని అక్కడే ఆగాలి, గైడ్‌కు చెప్పాలి. తగ్గకపోతే కిందికి దిగాలి. ఊరికే కూర్చున్నా ఆయాసం వస్తున్నా, సరళ రేఖ మీద నడవలేక తూలుతున్నా, మాట తికమక పడుతున్నా అది ప్రాణాపాయం. వెంటనే దిగాలి, అదీ ఒంటరిగా కాదు. రీల్ పూర్తి కాలేదనో, ఫ్రెండ్స్ నవ్వుతారనో దాచిపెట్టే వాళ్లకే ముప్పు ఎక్కువ. డయామాక్స్ లాంటి మాత్రలు వేసుకోవాలా వద్దా అన్నది బయల్దేరే ముందు డాక్టర్‌నే అడగండి.

శాటిలైట్ కమ్యూనికేటర్ కొనొద్దు

విదేశీ యూట్యూబర్లు చూపించే గార్మిన్ ఇన్‌రీచ్ లాంటి పరికరాలు, శాటిలైట్ ఫోన్లు మన దేశంలో టెలికాం శాఖ అనుమతి లేకుండా వాడటం చట్టవిరుద్ధం. వీటితో పట్టుబడి పోలీసు కేసుల్లో ఇరుక్కున్న విదేశీ పర్యాటకులూ ఉన్నారు. దాని బదులు మీ రోజువారీ రూట్, తిరిగొచ్చే తేదీ, గైడ్ నంబర్ ఇంట్లో వాళ్లకు రాసి ఇవ్వండి. సిగ్నల్ దొరికిన చోట 112 పనిచేస్తుంది. మీ సిమ్‌కు కవరేజ్ లేకపోయినా వేరే కంపెనీ నెట్‌వర్క్ ఉంటే ఎమర్జెన్సీ కాల్ వెళ్తుంది. మెడలో ఒక విజిల్ వేసుకోండి, దానికి ఛార్జింగ్ అక్కర్లేదు.

పెనుకొండ టెస్ట్

2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ గుర్తున్నారా? అప్పటికి పూర్ణకు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. ఇద్దరూ ఎండల ప్రాంతం నుంచి వచ్చిన సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులే. వాళ్ల శిక్షణ భువనగిరి కోట బండ మీద మొదలై డార్జిలింగ్‌కు, అక్కడి నుంచి లద్దాఖ్ చలికి మెట్టు మెట్టుగా సాగింది. మన దగ్గరా ఓ కోట కొండ ఉంది. 1565 తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు రాజధాని చేసుకున్న పెనుకొండ. హిందూపురం నుంచైనా, ధర్మవరం నుంచైనా రైలు ఉంది, బస్సు ఉంది.

ట్రెక్‌కు రెండు నెలల ముందు నుంచి వారానికోసారి ఇలా చేయండి:

1. ట్రెక్‌లో మోయబోయే బరువంతా బ్యాగ్‌లో వేసుకుని, వేసుకోబోయే బూట్లతోనే కొండ ఎక్కి దిగండి. బూట్లు కరిచేది ఇక్కడే తెలియాలి.
2. ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో, ఆఫ్‌లైన్ మ్యాప్‌తో రూట్ రికార్డ్ చేయండి. నాలుగు గంటలకు ఎంత శాతం తగ్గిందో రాసుకోండి. మంచులో బ్యాటరీ అందులో సగమే వస్తుందనుకుని ప్లాన్ వేసుకోండి.
3. గ్లవ్స్ వేసుకునే ఫోన్ అన్‌లాక్ చేసి, ఫొటో తీసి, మ్యాప్ తెరవండి.
4. చీకట్లో హెడ్‌ల్యాంప్ ఆన్ చేసి, గ్లవ్స్‌తోనే బ్యాటరీలు మార్చండి. శిఖరం రోజు నడక తెల్లవారక ముందే మొదలవుతుంది. మామూలు ఆల్కలైన్ సెల్స్ చలికి త్వరగా నీరసిస్తాయి. లిథియం ఏఏ సెల్స్ దొరికితే అవే తీసుకోండి.

ఈ కొండ మీ కాళ్లను, మీ గ్యాడ్జెట్లను పరీక్షిస్తుంది. పల్చటి గాలికి మాత్రం అలవాటు చేయలేదు. అది అక్కడికి వెళ్లాక, తొందరపడకుండా ఎక్కితేనే వస్తుంది.

డబ్బులు ఎక్కడ పెట్టాలి?

బడ్జెట్ తక్కువైతే కొత్త వాచ్ పక్కన పెట్టేయండి. ముందు మంచి గ్రిప్ ఉన్న వాటర్‌ప్రూఫ్ బూట్లు, తర్వాత గ్లవ్స్, హెడ్‌ల్యాంప్, యూవీ రక్షణ ఉన్న కళ్లద్దాలు, ఆ తర్వాతే పవర్ బ్యాంక్. కొత్త మంచు సూర్యుడి యూవీ కిరణాల్లో 80 శాతం దాకా తిప్పికొడుతుంది, కళ్లద్దాలు స్టైల్ కోసం కాదు. బూట్లకు తగిలించుకునే మైక్రోస్పైక్స్, గెయిటర్స్, లావు జాకెట్ సాంక్రిలో అద్దెకు దొరుకుతాయి. ఇప్పుడు మీ చేతిలో ఉన్న ఫోన్ చాలు. దాన్ని వెచ్చగా ఉంచుకోండి, తల నొప్పిగా ఉంటే నోరు తెరిచి చెప్పండి.