నమూనా బండ్లకు లప్పము

ఎనిమిదవ తరగతి విద్యార్థి యొకడు తన మేనమామ ఇచ్చిన ప్లాస్టిక్ లారీ నమూనాను పాఠశాల ప్రదర్శనకు తెచ్చుచు దారిలో జారవిడిచినాడు. చక్రముపై రెక్క పగిలినది. తలుపు ప్రక్కన గోరంత ముక్క ఊడి ఎక్కడనో పడిపోయినది. రంగుల దుకాణములో దొరకిన లప్పమును గొట్టమునుండి పిండి నేనే పూసి ఇచ్చితిని. మరునాటికి నున్నగానే కనబడినది. వారము తిరుగకముందే పూసినచోట గుంట పడినది, చుట్టునున్న ప్లాస్టిక్ మెత్తబడి అలలు తేలినది. ఆ పిల్లవాని ముఖము చూచిన పిమ్మట ఈ లప్పముల సంగతి సరిగా తెలిసికొనక తప్పలేదు.

లప్పములు రెండు విధములు: ఆరునవి, గట్టిపడునవి. నేను వాడినది మొదటి జాతిది. అందులో టోలీన్ వంటి ద్రావణి యుండును. అది ఆవిరియై పోయినకొలది లప్పము ఘనపరిమాణము తగ్గును. గుంట పడుటకు కారణమిదే. పైగా టోలీన్ పాలిస్టిరీనును కరిగించును. గట్టి ప్లాస్టిక్ నమూనాలలో పెక్కు పాలిస్టిరీనుతో చేసినవే. గీతలకు పలుచగా పూయుటకు ఈ లప్పము చాలును గాని లోతైన గుంటలకు పనికిరాదు.

రెండవది మోటారు మరమ్మతు షెడ్లలో వాడునది. డబ్బాలో ముద్ద, చిన్న గొట్టములో హార్డనరు వేరువేరుగా వచ్చును. దానిని మన పనివారు మెటల్ పేస్టు అందురు. నిజమునకు అందులో లోహమేమియు లేదు. పూర్వము కార్ల రేకుల సొట్టలను సీసము, తగరము కలిపిన టంకముతో పూడ్చెడివారు. 1955 లో అమెరికాలోని మయామీ నగరమున కారు మరమ్మతులు చేయు రాబర్ట్ మెర్టన్ స్పింక్ దానికి బదులుగా రెసినులో టాల్కు పొడి కలిపిన ముద్దను తయారు చేసెను. బాండో అను పేరుతో ప్రసిద్ధమైనది అదియే. ప్లాస్టిక్ నమూనాకు టంకము ఎట్లును కుదరదు. అది కరుగుటకు 180 డిగ్రీలు దాటవలెను. పాలిస్టిరీను 100 డిగ్రీల దగ్గరనే మెత్తబడును.

ముద్దలోని రెసిను స్టిరీనులో కరిగిన పాలియెస్టరు. ఈ స్టిరీను అణువులే ఒకదానికొకటి గొలుసుగా చేరినచో పాలిస్టిరీను అగును. కనుక పచ్చి ముద్దలోని స్టిరీను నమూనా పైపొరను కొద్దిగా కరిగించి అందులో చొచ్చుకొనును. అతుకు గట్టిగా పట్టుట అందువలననే. అయితే అణువులు గొలుసులుగా చేరునపుడు దగ్గరకు జరుగును. స్టిరీను ద్రవపు సాంద్రత 0.906, పాలిస్టిరీనుది 1.05. అనగా 100 ఘన సెంటీమీటర్ల స్టిరీను ఘనమైనపుడు 86 మాత్రమే మిగులును! ఇక్కడ ఆదుకొనునది టాల్కు. అది చర్యలో పాల్గొనదు, కుంచించుకొనదు. ముద్దలో దాని భాగము ఎక్కువ గనుక మొత్తము మీద తగ్గుదల స్వల్పము. టాల్కన్న మనకు కొత్తది కాదు. పలకపై వ్రాసిన బలపపు రాయిలోని ఖనిజమే. కర్నూలు, అనంతపురము ప్రాంతములలో దాని గనులున్నవి. మోస్ కాఠిన్య మానములో దాని స్థానము 1. గట్టిపడిన లప్పమును ఉప్పుకాగితముతో సులువుగా అరగదీయగలుగుట దాని చలవయే.

హార్డనరులో బెంజాయిల్ పెరాక్సైడు ఉండును. అది విడిపోయి స్వేచ్ఛా రాడికల్సు పుట్టును. అవి ద్విబంధములను తెరచి గొలుసుల అల్లికను ప్రారంభించును. తూకములో 100 పాళ్ల ముద్దకు 2 పాళ్లు చాలును. త్వరగా గట్టిపడునని ఎక్కువ కలిపినచో మిగిలిన పెరాక్సైడు పై రంగును పాడుచేయును. చర్యలో వేడి పుట్టును. వేడి ముద్ద ఘనపరిమాణమును బట్టి పుట్టును, ఉపరితలమును బట్టి బయటికి పోవును. ఈ కారణముచే మందముగా ఒకేసారి పూసినచో పలుచని ప్లాస్టిక్ వంకర తిరుగవచ్చును. మూడు మిల్లీమీటర్లకు మించకుండ పొరలు పొరలుగా పూయవలెను. మన మే నెల ఎండలలో కలిపిన ముద్ద చేతిలోనే రాయి యగును. తెల్లవారుజామున పని పెట్టుకొనుట మేలు.

నమూనా ఏ ప్లాస్టిక్కో ముందు చూడవలెను. విరిగిన చిన్న ముక్కను నీటిలో వేసి, అంటిన బుడగలను తుడువుడు. తేలినచో పాలిథీన్ జాతిది. దానికి లప్పము అంటదు. మునిగినచో 100 గ్రాముల నీటిలో 15 గ్రాముల ఉప్పు కరిగించి మరల వేయుడు. పాలిస్టిరీను, ఏబీఎస్ ఇందులో తేలును. అప్పటికిని మునిగినచో అది పాలికార్బొనేటు వంటి వేరొకటి. పందెపు రేడియో కార్లకు తొడుగు వంగెడి పాలికార్బొనేటు పైకప్పులపై ఈ లప్పము పెచ్చులుగా ఊడును. పాత నమూనాలతో మరియు జాగ్రత్త. ఇంగ్లండులో ఎయిర్‌ఫిక్స్ వారు 1949 లో చేసిన ఫెర్గూసన్ ట్రాక్టరు మొదట సెల్యులోజ్ అసిటేటుది.

లప్పము ఖాళీని పూడ్చునే గాని బలము నీయదు. నేను చేసిన రెండవ తప్పు ఇదియే. పగులు కొనయందు ఒత్తిడి కేంద్రీకరించి యుండును. అక్కడ ఒక మిల్లీమీటరు రంధ్రము చేసినచో పగులు ముందుకు సాగదు. తరువాత ప్లాస్టిక్ సిమెంటుతో అంచులను కలిపి, లోపలివైపున అదే ప్లాస్టిక్ పట్టీ నొకదానిని అంటించవలెను. అది ఆరిన పిమ్మట పైభాగమును 180 నంబరు కాగితముతో గరుకు చేసి, సబ్బుతో కడిగి, తుడిచి, అప్పుడు లప్పము పూయవలెను. అరగదీయునపుడు తడి పనికిరాదు. టాల్కు లప్పము నీరు పీల్చును, పై రంగు పిదప ఉబ్బును. పొడి కాగితముతో 180 నుండి 320 కు, 400 కు పోవలెను.

ముద్ద కలుపు పని ఉపాధ్యాయుడే చేయవలెను, అదియు కిటికీలు తెరచి. స్టిరీను ఆవిరి తలనొప్పి తెచ్చును. పెరాక్సైడు కంటికి, చర్మమునకు మంట, నిప్పు దగ్గర ప్రమాదము. పొడి రేగునపుడు ముక్కుకు మాస్కు ఉండి తీరవలెను.

ఆ లారీని రెండవసారి ఈ పద్ధతిని బాగుచేసితిమి. తలుపు ప్రక్కన మరమ్మతు జాడ తెలియదు. రెక్కపై మాత్రము నా మొదటి లప్పము కరిగించిన అల ఒకటి, వెలుతురులో ఏటవాలుగా చూచినచో, ఇప్పటికిని కనబడుచున్నది.