తెర వెనుక చేతులు

నారదుడు మబ్బుల మీద నుండి రంగస్థలానికి దిగి వస్తాడు. ప్రేక్షకులు చప్పట్లు కొడతారు. ఆ చప్పట్లు తెర పక్కన చీకటిలో తాడు పట్టుకొని నిలబడిన మనిషికి కూడా వినిపిస్తాయి. కాని అతడు చేతులు జోడించి నమస్కరించలేడు. చేతిలో తాడు ఉంది. తాడు చివర మనిషి ఉన్నాడు.

నాటకంలో తెర వెనుక చోటును 'నేపథ్యం' అంటారు. వేషాలు దిద్దేవారు, తెరలు లాగేవారు, దీపాలు చూసేవారు, వస్తువులు అందించేవారు అక్కడ పనిచేస్తారు. భరతముని 'నాట్యశాస్త్రం' నాటక బృందాన్ని వివరిస్తూ నటులతో పాటు కిరీటాలు చేసేవానిని, పూలదండలు కట్టేవానిని, చిత్రకారుని, బట్టలకు రంగులద్దేవానిని కూడా చెప్పింది. వీరిని కూలికి పిలిచిన బయటివారుగా కాక, బృందంలోని వారిగానే లెక్కించింది.

తెలుగు నాటకరంగంలో ఈ మాటను ఆచరణలో చూపినవారు సురభి కళాకారులు. వీరి పూర్వికులు మహారాష్ట్ర నుండి తెలుగునేలకు వలస వచ్చి తోలుబొమ్మలు ఆడించినవారు. తోలుబొమ్మలాటలో ఆడించేవారందరూ తెర వెనుకనే ఉంటారు కదా! 1885లో వనారస గోవిందరావు కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచకవధ' నాటకం ఆడించాడు. ఆ ఊరి పేరే సమాజానికి నిలిచింది. తరువాత ఈ కుటుంబాలు పెరిగి అనేక నాటక సమాజాలుగా విడిపోయాయి. వాటిలో శ్రీ వెంకటేశ్వర నాట్యమండలి 1937లో ఏర్పడింది. దానిని నడిపిన రేకందార్ నాగేశ్వరరావుకు 2013లో పద్మశ్రీ లభించింది.

సురభివారి 'మాయాబజార్'లో లడ్డూలు గాలిలో ఎగిరి ఘటోత్కచుని నోటిలో పడతాయి. బాణాలు ఎదురెదురుగా వచ్చి మధ్యలో ఢీకొంటాయి. ఇదంతా సన్నని దారాల, తీగల, గిలకల పని. దీపం కాస్త పక్కకు తిరిగితే దారం కనబడుతుంది. దారం ఒక్క క్షణం ఆలస్యంగా లాగితే ఘటోత్కచుడు నోరు తెరుచుకొని ఊరకే ఉండిపోతాడు. జనం నవ్వేది అతనిని చూసే! నటుని పరువు మరొకరి వేళ్ళలో ఉంటుందని అప్పుడు తెలుస్తుంది. ఈ కుటుంబాలలో ఒక రంగంలో రాజు వేషం కట్టినవాడు మరొక రంగంలో తెర లాగుతాడు. స్త్రీలూ పిల్లలూ పనులు పంచుకుంటారు. తాడు బరువు తెలిసినవాడు తాడు పట్టినవానిని చులకన చేయడు.

సరదాగా నాటకాలు ఆడే ఊరి బృందాలలో ఈ సంగతి తరచు మరుగున పడుతుంది. మాండవి వంటి ఊళ్ళలో గణేశ ఉత్సవాలకో, బడి స్నేహ సమ్మేళనానికో నాటకం వేస్తారనుకోండి. వేషం దొరకనివారికి తెర పని అప్పగిస్తారు. అభ్యాసానికి వారిని పిలవరు. నాటకం రోజున మాత్రం, "తెర ఎందుకు పడలేదు?" అని అందరి ముందు కోప్పడతారు. ఎప్పుడు దించాలో ముందుగా చెప్పినవారు ఎవరు?

నేపథ్యంలోని వారికీ కొన్ని కట్టుబాట్లు ఉన్నాయి. నటులకంటే ముందు వచ్చి తాళ్ళు, ముడులు, దీపాల తీగలు పరీక్షించాలి. ఏ వస్తువు ఎక్కడ పెట్టారో చీకటిలో సైతం చేతికి తగలాలి. అందుకే బల్లమీది గద పిల్లలు ఆడుకోవడానికి కాదు. నాటకం సాగుతుండగా తెర పక్క నుండి తొంగి చూడరాదు. తప్పు జరిగితే అక్కడే వాదులాడక, దిద్దుకొని ముందుకు సాగాలి. వారి పేర్లు కరపత్రంలో నటుల పేర్లతో పాటు అచ్చువేయడానికి అయ్యే ఖర్చు ఒకటి రెండు పంక్తులే.

నాటకం ముగుస్తుంది. నటులు రంగులు కడుక్కొని, బంధువుల పొగడ్తలు వింటూ ఇళ్ళకు వెళ్తారు. ఆ వేళకు తెర లాగినవాడు తాళ్ళు చుట్టి, మేకులు లెక్కపెట్టుకుంటూ ఉంటాడు.