ఆక్సిజన్‌కీ కావాలి ప్రిస్క్రిప్షన్!

యాంటీబయాటిక్ ఇవ్వాలంటే డోసు, వేళలు కేస్‌షీట్‌లో రాయాల్సిందే. అదే ఆక్సిజన్ అయితే? చాలాసార్లు ‘ఆక్సిజన్ పెట్టండి’ అన్న ఒక్క మాటతో సరి! ఎంత ఇవ్వాలి, ఎప్పుడు తగ్గించాలి... రాసి ఉండదు. ఈ లోపాన్ని సరిదిద్దడం నేర్చుకుంటే రోగికి మేలు. నర్సింగ్, రెస్పిరేటరీ థెరపీ, ఫార్మ్‌డీ, ఎంబీబీఎస్ విద్యార్థులకు ఉద్యోగ వేటలోనూ అది అక్కరకొస్తుంది.

ఎక్కువైనా ముప్పే

ఆక్సిజన్ కూడా మందే. సీవోపీడీ ఉన్న కొందరికి అతిగా ఇస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతుంది. రోగి హాయిగా నిద్రపోతున్నట్టే కనిపిస్తాడు, కానీ పరిస్థితి విషమిస్తుంటుంది. ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో అంబులెన్స్ సిబ్బంది 405 మంది రోగులపై చేసిన అధ్యయనం 2010లో వెలువడింది. ఎక్కువ ఆక్సిజన్ ఇచ్చినవారిలో 9 శాతం మంది మరణించగా, కొలిచి ఇచ్చినవారిలో అది 4 శాతమే.

అందుకే బ్రిటిష్ థొరాసిక్ సొసైటీ 2008లోనే లక్ష్యాలు పెట్టింది. రక్తంలో ఆక్సిజన్ ఎక్కువమందికి 94-98 శాతం, కార్బన్ డయాక్సైడ్ పేరుకునే ముప్పున్నవారికి 88-92 శాతం ఉండేలా చూడాలి. ఆ అంకెను డాక్టర్ చార్టులో రాయాలి. నర్సు దాని ప్రకారం పెంచాలి, తగ్గించాలి. అత్యవసరమైతే మాత్రం రాత కోసం ఆగకూడదు. ముందు ఆక్సిజన్, తర్వాతే కాగితం.

మార్పు ఎలా?

‘అందరూ జాగ్రత్తగా రాయండి’ అని సర్క్యులర్ అంటిస్తే నాలుగు రోజులే. హౌస్‌సర్జన్ల పోస్టింగులు మారగానే కథ మొదటికొస్తుంది. కాబట్టి ఇలా చేసి చూడండి.

• హెచ్‌వోడీ అనుమతితో, ఆక్సిజన్ మీదున్న 20 మంది కేస్‌షీట్లు చూడండి. రోగుల పేర్లు రాసుకోవద్దు.
• లక్ష్యం రాసి ఉందా? రీడింగ్ అందులోనే ఉందా? లెక్కపెట్టండి.
• ఎందుకు రాయడం లేదో సిబ్బందినే అడగండి. చార్టులో అసలు గడే లేకపోవచ్చు!
• ఒక్క మార్పు చేయించండి. ఉదాహరణకు, చార్టులో ‘ఆక్సిజన్ లక్ష్యం’ అనే గడి అచ్చు వేయించడం.
• కొన్ని వారాలాగి మళ్లీ 20 చూడండి. పెరిగిందా? కొనసాగించండి. లేదా? ఇంకోటి ప్రయత్నించండి.

దీన్నే క్వాలిటీ ఇంప్రూవ్‌మెంట్ ప్రాజెక్టు అంటారు.

ఉద్యోగానికి ఎలా పనికొస్తుంది?

ఎన్‌ఏబీహెచ్ గుర్తింపు కోరే ఆసుపత్రులు నాణ్యత పెంచే పనులు చేసి చూపాలి. ఆ పని తెలిసినవాళ్లు వాటికి అవసరం. బ్రిటన్‌లో స్పెషాలిటీ ట్రైనింగ్‌కు దరఖాస్తు చేసే డాక్టర్లకూ ఇలాంటి ప్రాజెక్టులు కలిసొస్తాయి. ఇక్కడి నుంచి అక్కడికి వెళ్లాలనుకునేవారు దీన్ని గుర్తుంచుకోవాలి.

రెజ్యూమెలో ‘బృందంతో పనిచేయగలను’ అని అందరూ రాస్తారు. ‘మా వార్డులో 20 చార్టులకు ఇన్నింటిలోనే లక్ష్యం ఉండేది, ఈ మార్పు తర్వాత ఇన్నయ్యాయి’ అని మీ అంకెలతో చెప్పండి. ఫలితం రాకపోయినా దాచొద్దు. ఎందుకు రాలేదో వివరించగలిగినా ఇంటర్వ్యూలో మార్కులు పడతాయి.