మళ్లీ గిటారే తోడు!

పాటలు రాయడమే ప్రాణమైన మనిషికి కొత్త పాట తట్టకపోతే..? అమెరికా జానపద గాయకుడు బాబ్‌ డిలన్‌ మొదలుపెట్టిన చోటికే వెళ్లారు.

1965లో న్యూపోర్ట్‌ జానపద ఉత్సవంలో ఎలక్ట్రిక్‌ గిటారు పట్టినందుకు కొందరు గేలిచేసినా వెనక్కి తగ్గని ఆయన, 1992లో ఇంటి గ్యారేజీలోని స్టూడియోలో మామూలు గిటారు, మౌతార్గాన్‌తో ఒంటరిగా కూర్చున్నారు. 'గుడ్‌ యాజ్‌ ఐ బీన్‌ టు యూ', మరుసటి ఏడాది 'వరల్డ్‌ గాన్‌ రాంగ్‌'... రెండు ఆల్బమ్‌లలోనూ సొంత పాట ఒక్కటీ లేదు. అన్నీ జనం నోళ్లలో నానిన పాతపాటలే! రెండోదానికి గ్రామీ వచ్చింది.

ఏడేళ్ల విరామం తర్వాత, 1997లో సొంత పాటలతో 'టైమ్‌ అవుట్‌ ఆఫ్‌ మైండ్‌' తెచ్చారు. ఉత్తమ ఆల్బమ్‌గా గ్రామీ గెలిచిందది. 2016లో సాహిత్య నోబెల్‌ కూడా ఆయన్ని వరించింది. పాట ఎండిపోయిందనుకున్నప్పుడు వేళ్లకు నీళ్లు పోయాలేమో!