ఆకు చూపిస్తే పేరు చెప్పే ఫోన్

వరి పొలంలో లేత ఊద గడ్డిని గుర్తుపట్టడం కొత్తవాళ్ల తరం కాదు. వరీ ఊదా రెండూ గడ్డి కుటుంబానివే. చిన్నప్పుడు రంగు, ఎత్తు, ఆకు తీరు ఇంచుమించు ఒకటే. తరతరాలుగా కలుపు తీతలో తేడాగా కనిపించిన మొక్క కూలీల చేతికి చిక్కింది, అచ్చం వరిలా ఉన్నది తప్పించుకుని విత్తనం రాల్చింది. అలా ఊద రానురాను వరి పోలికలు తెచ్చుకుంది. అయినా కలుపు తీతలో చెయ్యి తిరిగినవాళ్లు దాన్ని ఇట్టే పట్టేస్తారు. అనుమానం వస్తే ఆకు వంచి, అది కాడను చుట్టుకునే చోట చూస్తారు. అక్కడ వరికి తెల్లని పలుచటి పొర ఒకటి నాలుకలా నిలబడి ఉంటుంది. ఊదకు ఆ పొర ఉండదు.

ఇప్పుడు గట్టు మీద నిలబడి అదే మడిని ఫొటో తీసి, మొక్కల పేర్లు చెప్పే యాప్‌కి ఇచ్చామనుకోండి. ఆ పొర ఫొటోలో పడదు. తేడా తెలియాల్సిన చోటే కెమెరాకు అందకపోతే వచ్చే జవాబు ఊహే అవుతుంది. ఈ యాప్‌లు వాడినవాళ్లలో కొందరు ‘అద్భుతం’ అనీ, కొందరు ‘అన్నీ తప్పులే’ అనీ అనడానికి సగం కారణం ఇక్కడే ఉంది. మందారాన్నో కాగితం పువ్వునో చూపించినవాళ్లకు మొదటిసారే సరైన పేరు వస్తుంది. గడ్డినీ, పూత లేని మొలకనూ చూపించినవాళ్లకు నిరాశే మిగులుతుంది.

ఫోన్‌లో మొక్కల్ని పోల్చుకునే పని 2011లో లీఫ్‌స్నాప్ అనే యాప్‌తో జనం చేతికి వచ్చింది. అమెరికాలోని కొలంబియా, మేరీల్యాండ్ విశ్వవిద్యాలయాలు, స్మిత్‌సోనియన్ సంస్థ కలిసి దాన్ని తయారుచేశాయి. ఆకును కోసి తెల్ల కాగితం మీద పెట్టి ఫొటో తీస్తే, అది ఆకు అంచు వంపులను కొలిచి పేరు చెప్పేది. ఆ దేశపు ఈశాన్య ప్రాంతంలోని చెట్లే దానికి తెలుసు. 2013లో ఫ్రాన్స్ పరిశోధనా సంస్థలు ప్లాంట్‌నెట్‌ యాప్‌ను విడుదల చేశాయి. ఆకుతో పాటు పువ్వు, కాయ, బెరడు కూడా దానికి చూపించవచ్చు. ఆ తర్వాత డీప్ లెర్నింగ్ వచ్చి పద్ధతినే మార్చేసింది. ఏ వంపును కొలవాలో, ఏ ఈనెను చూడాలో ఇప్పుడు మనిషి నేర్పడం లేదు. పేర్లు రాసిపెట్టిన లక్షల ఫొటోలు ముందు పెడితే, ఒక జాతిని మరో జాతి నుంచి వేరుచేసే లక్షణాలను కంప్యూటరే వెతుక్కుంటుంది. అంచులు, మచ్చలు, రేకల అమరిక వంటివి అంకెలుగా మారి, ఆ అంకెలే మొక్కకు గుర్తులవుతాయి.

మనం కొత్త ఫొటో ఇచ్చినప్పుడు యాప్ తనకు తెలిసిన జాతుల్లో ఏది దీనికి ఎంత దగ్గరో లెక్కగట్టి, పేర్ల పక్కన శాతాలు చూపిస్తుంది. వాడేవాళ్లు ఎక్కువగా పొరబడేది ఈ శాతం దగ్గరే. 90 శాతం అని కనిపించగానే ఖాయమనుకుంటారు. తనకు నేర్పిన జాతుల మధ్య యాప్ చేసిన బేరీజు అది, అంతే. మన చేతిలో ఉన్న మొక్క అసలు ఆ జాబితాలోనే లేకపోయినా, ఉన్నవాటిలో దగ్గరగా తోచిన పేరును పైన పెట్టేస్తుంది. ఈ విషయంలో, జనం తీసిన మొక్కల, జీవుల ఫొటోలను పంచుకునే ఐనాచురలిస్ట్ వేదిక వాళ్ల సీక్ యాప్ తీరు నాకు బాగా నచ్చుతుంది. మొక్క వైపు కెమెరా తిప్పుతుంటే ముందు కుటుంబం, తర్వాత ప్రజాతి, నమ్మకం కుదిరితేనే జాతి పేరు చెబుతుంది. కుదరకపోతే ప్రజాతి దగ్గరే ఆగిపోతుంది. తెలియని చోట ఆగడం కూడా ఒక జ్ఞానమే కదా!

ఇక యాప్‌లకు నేర్పడానికి వాడే ఆ ఫొటోల సంగతి. ప్లాంట్‌నెట్ సేకరణ నుంచి పరిశోధకుల కోసం 2021లో ఒక భాగాన్ని విడుదల చేశారు. అందులో 1,081 జాతులకు చెందిన 3 లక్షలకు పైగా ఫొటోలున్నాయి. కానీ 80 శాతం జాతులకు కలిపి దక్కినవి 11 శాతం ఫొటోలే. జనం ఎక్కువగా తిరిగే చోట, ఎక్కువగా కనిపించే మొక్కలే మళ్లీ మళ్లీ కెమెరాకు ఎక్కుతాయి. పైగా ఈ యాప్‌లు పుట్టి పెరిగింది యూరప్, అమెరికాల్లో. అందుకే ఎన్నో దేశాల్లో పాకిపోయిన వయ్యారిభామ, లంటానా వంటి వలస మొక్కల్ని ఇవి సులువుగా పడతాయి. మన కొండల్లో మాత్రమే పెరిగే మొక్క దగ్గరికి వచ్చేసరికి తడబడతాయి. జహీరాబాద్ ప్రాంతపు చేలల్లో ఎవరూ విత్తకుండానే మొలిచే దొగ్గలి, గునుగు, తుమ్మి వంటి కూరలను అక్కడి ఆడవాళ్లు లేత ఆకు దశలోనే గుర్తుపట్టి కోస్తారు. ఆ దశలో తీసిన ఫొటోలు ఎవరి దగ్గర ఎన్ని ఉంటాయి?

ప్రాణం మీదికి వచ్చే చోట ఈ తడబాటును తేలిగ్గా తీసుకోకూడదు. కొవిడ్ రోజుల్లో తిప్పతీగ కషాయం ఇంటింటా మరిగింది. తిప్పతీగ శాస్త్రీయ నామం టినోస్పోరా కార్డిఫోలియా. దాన్ని పోలిన టినోస్పోరా క్రిస్పా అనే తీగ మరొకటుంది. రెంటికీ హృదయాకారపు ఆకులే. పోలికను చూసి క్రిస్పాను వాడితే హాని జరగవచ్చని కేంద్ర ఆయుష్ మంత్రిత్వశాఖ 2022లో హెచ్చరించింది. క్రిస్పా కాండం నిండా బుడిపెలుంటాయి, తుంచితే పాలలాంటి ద్రవం కారుతుంది. తిప్పతీగ కాండానికి పాలు రావు. తిప్పతీగ పువ్వుకు ఆరు రేకలైతే క్రిస్పాకు మూడు. కేవలం ఆకు ఫొటో ఇచ్చినవాళ్లకు వీటిలో ఒక్క గుర్తూ అందదు. తుంచితే వచ్చే పాలు, నలిపితే వచ్చే వాసన, వేలికి తగిలే నూగు వంటివి అలాంటి ఫొటోకు అందవు.

కెమెరాలు లేని కాలంలోనే ఇలాంటి గుర్తుల్ని పట్టి చూపినవాళ్లున్నారు. విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లాండ్ వైద్యుడు 18వ శతాబ్దం చివర్లో మన సామర్లకోటలో ఉండి కోరమాండల్ తీరపు మొక్కలను అధ్యయనం చేశాడు. స్థానిక చిత్రకారుల చేత బొమ్మలు వేయించి, తెలుగు పేర్లు కూడా నమోదు చేశాడు. ఆ మొక్కల గురించి 1795 నుంచి మూడు సంపుటాలుగా వెలువడిన ఆయన గ్రంథంలో 300 రంగుల బొమ్మలున్నాయి. కొమ్మ పక్కనే విప్పిన పువ్వు, కోసిన కాయ విడివిడిగా కనిపిస్తాయి. ఆ చిత్రకారుల పేర్లు మనకు మిగల్లేదు గానీ, మొక్కను ఎలా చూడాలో వాళ్ల బొమ్మలే చెబుతాయి.

ఫోన్‌తోనూ చేయాల్సింది అదే. నిలువెత్తు మొక్కను దూరం నుంచి ఒక్క ఫొటో తీసి వదిలేయకండి. పువ్వు దగ్గరగా ఒకటి, ఆకు పైభాగం, అడుగుభాగం, కాయ, కాండం విడిగా తీసి అన్నీ ఒకేసారి ఇవ్వండి. వెనక వేరే ఆకులు కలిసిపోకుండా అరచెయ్యి అడ్డం పెట్టండి. నేల ఉసిరిని చూపించేటప్పుడు రెమ్మను తిప్పి, ఆకుల కింద ఉండే కాయల్ని ఫొటో తీయాలి. నునుపుగా, సన్నని కాడతో ఉన్నవి ఒక జాతివి, గరుకుగా, కాడ లేకుండా రెమ్మకు అంటుకున్నవి మరో జాతివి. యాప్ చెప్పిన మొదటి పేరుతో ఆగకుండా, దాని కింద చూపించే ఫొటోలతో మీ మొక్కను పోల్చి చూడండి. తినే కూరైనా, తాగే కషాయమైనా యాప్ మాట మీద నోట్లో పెట్టుకోవద్దు. తెలిసిన పెద్దవాళ్లనో, దగ్గర్లోని కాలేజీ వృక్షశాస్త్రం మేష్టారినో అడగండి.

పేరు తేలాక ఫొటోల్ని ఫోన్‌లోనే మరచిపోకండి. ప్లాంట్‌నెట్‌లోనో ఐనాచురలిస్ట్‌లోనో, తీసిన చోటు, తేదీతో పాటు పంచండి. ఐనాచురలిస్ట్‌లో తెలిసినవాళ్లు చూసి సరిదిద్దుతారు. మూడింట రెండు వంతుల కన్నా ఎక్కువ మంది ఒప్పుకున్న నమోదు శాస్త్రవేత్తల వాడకానికి వెళుతుంది. ప్రమాదంలో ఉన్నట్టు గుర్తించిన జాతులు దొరికిన కచ్చితమైన చోటును ఐనాచురలిస్ట్ బయటపెట్టదు కాబట్టి దొంగలకు దారి చూపుతామన్న భయం అంతగా అక్కర్లేదు. వానలు పడి గట్ల మీద మొక్కలు పూతకొచ్చే రోజుల్లో మీ ఊరి చేల వెంట ఒకసారి నడవండి. అక్కడ మీరు తీసే ఫొటో, ఆ మొక్కకు ఆ జిల్లా నుంచి దొరికిన మొదటి ఫొటో కావచ్చు.